అటు పోతే గుర్తు మారుతుందా? ఏడో తరగతి సమీకరణాల మీద అపోహలు, వాస్తవాలు

"ఐదో తరగతి దాకా లెక్కల్లో ముందుండేది, ఏడుకొచ్చేసరికి సమీకరణాలు ఒక్కటీ రావట్లేదు" అని తల్లిదండ్రులు బెంగగా నోటుబుక్కు తెస్తారు. తెరిస్తే చాలాసార్లు ఒకే తప్పు పేజీల నిండా ఉంటుంది. పిల్లకు బుర్ర లేక కాదు, ఎవరో బట్టీ పట్టించిన ఒక సూత్రం వల్ల.

(ఎక్స్ బదులు ఇక్కడ య అని రాస్తున్నా. భాస్కరాచార్యుడి రోజుల్లో తెలియని రాశి పేరు యావత్తావత్తు, పొట్టిగా యా.)

అపోహ: ఇటునుంచి అటు పోతే గుర్తు మారుతుంది.

వాస్తవం: ఏదీ ఎటూ పోదు. 3య + 7 = 22 తీసుకోండి. సూత్రం కంఠతా వచ్చిన పిల్ల 3య = 22 − 7 = 15 దాకా సరిగ్గానే రాస్తుంది. దెబ్బ ఆ తర్వాతే. య = 15 − 3 = 12 అని ఒకరు, య = 15 ÷ (−3) = −5 అని ఇంకొకరు. ఇద్దరూ సూత్రాన్ని పాటించినవాళ్లే: 3 ప్లస్ కదా, అటు పోయింది కదా, మైనస్ అవ్వాలి కదా! −2య = 10 ఇస్తే, మైనస్ 2 అటెళ్లి ప్లస్ 2 అయి, య = 5 అంటారు. అసలు జవాబు −5.

నిజంగా జరిగేది త్రాసు లెక్క. రెండు పళ్లాల్లోంచీ 7 తీస్తాం:

3య + 7 − 7 = 22 − 7
3య = 15

ఇక్కడ 3 యను గుణిస్తోంది. గుణకారాన్ని విప్పేది భాగహారమే కాబట్టి రెండు వైపులా 3తో భాగిస్తాం:

3య ÷ 3 = 15 ÷ 3
య = 5

సరిచూస్తే 3 × 5 + 7 = 22.

ఆ "− 7", "÷ 3" రెండు వైపులా కనబడేలా రాయించండి, కనీసం రెండు వారాలు. టైమ్ దండగ అనేవాళ్లని పట్టించుకోకండి. పక్షాంతరం (పదాన్ని గుర్తు మార్చి అటువైపు రాసేయడం) అనే అడ్డదారి తర్వాత దానంతటదే వస్తుంది. భిన్నాల దగ్గర కూడా త్రాసే కాపాడుతుంది. య/4 + 3 = 8 ని 4తో గుణించి, 3ను మర్చిపోయి, య + 3 = 32 అని రాసేస్తారు. పళ్లెంలో ఉన్నవన్నీ నాలుగింతలవ్వాలి: య + 12 = 32, య = 20. ముందే 3 తీసేస్తే ఇంకా తేలిక, య/4 = 5.

అపోహ: సమానం గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి".

వాస్తవం: అటూ ఇటూ విలువ ఒకటే అని దాని అర్థం. 8 + 5 = __ + 4 ఇచ్చి చూడండి. ఖాళీలో 9 రావాలి. 13 రాస్తే సమీకరణాలు పక్కనపెట్టి నాలుగైదు రోజులు ఇలాంటివే చేయించాలి. 3 × 5 = 15 + 7 = 22 అని గొలుసుగా రాయడమూ ఇదే జబ్బు, 3 × 5 అంటే 22 కాదు కదా.

అపోహ: చేసిన లెక్కలు చూపిస్తే కాపీకి అలవాటుపడతారు.

కొత్త పాఠం విషయంలో ఇది తలకిందుల మాట. 1985లోనే ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ అనే పరిశోధకులు బీజగణితంతోనే పరీక్షించారు. చేసిన లెక్కను చదివి వెంటనే అలాంటిదే ఒకటి చేసిన పిల్లలు, అన్నిటితో సొంతంగా కుస్తీపట్టినవాళ్లకంటే ఆ రకం లెక్కల్ని త్వరగా, తక్కువ తప్పులతో చేశారు.

ఊరికే చదివిస్తే మాత్రం ఏమీ రాదు. మొదటి రెండు లెక్కలు పూర్తిగా ఇచ్చి, ప్రతి వరుస పక్కన "ఎందుకు" అన్నది పిల్లచేతే రాయించాలి. మూడోదాంట్లో చివరి వరుస ఖాళీ, నాలుగోదాంట్లో చివరి రెండు. ఐదోది ప్రశ్న మాత్రమే. ఆరోది కావాలనే తప్పుగా చేసి, ఏ వరుసలో బెడిసిందో పట్టుకోమనాలి; −2య = 10 దీనికి బాగా పనికొస్తుంది. వరుసగా మూడు సొంతంగా చేసేస్తే ఇక చేసినవి చూపించొద్దు, అప్పుడవి అడ్డమే.

మిగతావి గబగబా. 3అ అంటే మూడు అరటిపళ్లు కాదు. అ ఒక సంఖ్య, పండు ధర అయితే అవ్వచ్చు. 5య + 2 ని 7య చేయకూడదు, అవి సజాతి (ఒకే రకం) పదాలు కావు, ఒకదాంట్లో య ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఏ లెక్క ముందు చేయాలో చెప్పే బోడ్మాస్‌లో కూడిక అక్షరం ముందుందని కూడిక ముందు చేయక్కర్లేదు, కూడిక, తీసివేత రెండూ ఎడమనుంచి వరుసగానే: 10 − 4 + 3 అంటే 9, 3 కాదు.