కణం లోపలికి యాంటీబాడీ ముక్కలు: నేను తరచూ వినే అపోహలు

అపోహ: ఒంట్లో యాంటీబాడీలు (సోకిన క్రిమిని పట్టుకునే ప్రోటీన్లు) ఉన్నాయంటే హెపటైటిస్ సి పోయినట్టే.

వాస్తవం: యాంటీబాడీలు తిరిగేది రక్తంలో. వైరస్ కాలేయ కణంలోకి దూరాక, లోపలి పొరల మీద కూర్చుని ఎన్‌ఎస్5బి అనే ఎంజైమ్‌తో తన జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏకి కాపీలు తీసుకుంటుంది. అక్కడికి యాంటీబాడీ చేయి అందదు. అందుకే యాంటీబాడీ ముక్కలను కణం లోపలికే పంపాలని మాలాంటి పరిశోధకులం చూస్తున్నాం. (యాంటీబాడీ టెస్ట్ పాజిటివ్ వస్తే ఆర్‌ఎన్‌ఏ టెస్ట్ కూడా చేయించాలి. మొదటిది వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే చెబుతుంది.)

అపోహ: యాంటీబాడీని చిన్న ముక్క చేస్తే దానంతటదే లోపలికి పోతుంది.

వాస్తవం: మా తలనొప్పంతా ఇక్కడే. పూర్తి యాంటీబాడీ బరువు దాదాపు 150 కిలోడాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం). మామూలు యాంటీబాడీలో బరువు గొలుసులు, తేలిక గొలుసులు రెండూ ఉంటాయి; ఒంటెల్లో తేలిక గొలుసు లేని యాంటీబాడీలు ఉన్నాయని 1993లో బ్రస్సెల్స్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాటి కొన ఒక్కటే తీసుకుంటే 15 కిలోడాల్టన్లకు దిగుతుంది. అయినా కణం పొర దాటదు. ఆ ముక్క జన్యువును కణానికే ఇచ్చి లోపలే తయారు చేయించాలి, లేదా పొర దాటించే పెనెట్రాటిన్ అనే 16 అమైనో ఆమ్లాల తోక తగిలించాలి. థాయ్‌లాండ్‌లోని మహిడోల్ యూనివర్సిటీ బృందం రెండో దారిలో వెళ్లి, ఎన్‌ఎస్5బిని పట్టే ముక్కలతో ల్యాబ్ కణాల్లో వైరస్‌ను తగ్గించింది.

ముక్క లోపలికి దూరాక ఇంకో గొడవ. సైటోప్లాజంలో (కణం లోపలి జిగురు ద్రవంలో) ముక్క ఆకారాన్ని పట్టి ఉంచే డైసల్ఫైడ్ బంధాలు సరిగా ఏర్పడవు, చాలా ముక్కలు మడత చెడి ముద్ద కడతాయి. ఆకుపచ్చగా మెరిసే ట్యాగ్ పెట్టి చూస్తే కణమంతా పరుచుకోవాల్సిన పచ్చదనం చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. తోక ఉన్నవాటితో మోసం వేరేలా ఉంటుంది. ఫార్మాల్డిహైడ్‌తో కణాలను ఫిక్స్ చేస్తే (అంటే చంపి ఉన్నవి ఉన్నట్టు బిగిస్తే), పైన అంటుకుని ఉన్నది కూడా లోపలికి వెళ్లినట్టే కనబడుతుంది. మొదట్లో నేనూ అలాంటి ఫోటో చూసుకుని మురిసిపోయాను. ఇప్పుడు బతికున్న కణాల్లో చూడనిదే నమ్మను.

అపోహ: ల్యాబ్ ప్లేట్‌లోని కణాల్లో వైరస్ తగ్గింది, ఇక మందు వచ్చేస్తుంది.

వాస్తవం: హెపటైటిస్‌కి ఇలా కణంలోపల పనిచేసే ముక్క ఏదీ ఇంకా మందుగా రాలేదు. హెపటైటిస్ సికి ఆ అవసరమూ తగ్గింది. 2013లో వచ్చిన సోఫోస్బువిర్ మాత్ర అదే ఎన్‌ఎస్5బిని ఆపుతుంది. దాన్ని మరో మందుతో కలిపి 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతోంది.

నా ఆశంతా హెపటైటిస్ బి మీదే. దాని ఉపరితల ప్రోటీన్‌ను బయటికి రాకుండా కణంలోనే పట్టి ఉంచే ముక్కలు ఎలుకల్లో కూడా పనిచేశాయి. కానీ కేంద్రకంలో వలయంగా దాక్కున్న వైరస్ డీఎన్‌ఏని అవి ముట్టుకోలేదు.