ఆటోక్యాడ్ ఫైల్ ఆలస్యంగా తెరుచుకుంటోందా? కొత్త కంప్యూటర్ కొనే ముందు తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

డ్రాయింగ్ తెరుచుకోవడానికి నిమిషాలకు నిమిషాలు పడుతోందని చెప్పేవాళ్లు చాలావరకు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. కంప్యూటర్ పాతబడింది, ఎంత ర్యామ్ వేయించాలి, ఏ గ్రాఫిక్స్ కార్డ్ కొనాలి అని అడుగుతారు. డబ్బు పోసి కొంటారు. కొత్త మెషిన్ మీద కూడా అదే ఫైల్ అలాగే నాన్చుతుంది. మర్నాటికి డ్రాయింగ్ ఇవ్వాల్సిన మనిషి కంగారులో ఉండగా ఎవరో ఒకరు కొత్తది కొనమనే ఈ సలహా ఇచ్చేస్తారు. అందుకే దీన్ని ముందు తేల్చుకుందాం.

అపోహ: ఫైల్ నెమ్మదిగా తెరుచుకుంటే లోపం కంప్యూటర్‌దే

ఫైల్ తెరిచేటప్పుడు ఆటోక్యాడ్ చేసే పని ఇది. ముందు డిస్క్ నుంచో నెట్‌వర్క్ నుంచో ఫైల్‌ని చదువుతుంది. అందులోని లేయర్లు, బ్లాకులు, స్టైల్స్, స్కేల్స్ అన్నిటితో డేటాబేస్ కట్టుకుంటుంది. ఆ ఫైల్ అడిగే ఎక్స్‌రెఫ్‌లు (దానికి జతచేసిన వేరే డ్రాయింగ్ ఫైళ్లు), ఇమేజ్‌లు, పీడీఎఫ్‌లు, ఫాంట్లు, ప్లాటర్ (డ్రాయింగులు ముద్రించే ప్రింటర్) ఎక్కడున్నాయో వెతుకుతుంది. చివర్లో రీజెన్ చేసి, అంటే గీతలన్నీ మళ్లీ లెక్కగట్టి, తెర మీద చూపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డ్‌కి పని పడేది ఆ చివరి మెట్టులోనే. పాన్, జూమ్, త్రీడీ ఆర్బిట్ సాఫీగా సాగడానికి కార్డ్ ఉపయోగపడుతుంది గానీ ఫైల్ చదవడానికి కాదు. నమ్మకం కుదరకపోతే గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ కమాండ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేసి అదే ఫైల్ మళ్లీ తెరిచి చూడండి. పట్టే సమయంలో పెద్ద తేడా లేకపోతే కార్డ్ మీద అనుమానం వదిలేయొచ్చు.

ప్రాసెసర్ కోర్ల సంగతీ అంతే. ఆటోక్యాడ్ ఈ పనిలో ఎక్కువ భాగం ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే వరుసలో, చేస్తుంది. ఎనిమిది కోర్లున్నా పదహారున్నా పని నడిచేది ఒక్కదాని మీదే కాబట్టి కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగం ముఖ్యం.

కాబట్టి కొనుగోలుకి ముందు ఒక పరీక్ష. టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకుని, ఆ ఫైల్ తెరవండి. ఆటోక్యాడ్ వరుసలో సీపీయూ ఎంత చూపిస్తోందో గమనించండి. ఇక్కడే చాలామంది తప్పు చదువుతారు. ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లున్న మెషిన్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా పనిలో ఉంటే మొత్తం మీద కనిపించేది 12-13 శాతమే. పదహారు ఉంటే 6 శాతం. దాన్ని చూసి "సీపీయూ ఖాళీగానే ఉంది" అనుకోకూడదు, ఆ కోర్ నిండా పని చేస్తోందని అర్థం. అలాంటప్పుడు చాలాసార్లు ఫైల్‌లో చెత్త పేరుకుని ఉంటుంది. సీపీయూ దాదాపు సున్నా దగ్గర, డిస్క్ కూడా ఊరకే ఉండి, ఆటోక్యాడ్ మాత్రం కదలకపోతే అది దేనికోసమో ఎదురు చూస్తోంది. ఆ ఎదురుచూపు చాలాసార్లు నెట్‌వర్క్ మీద ఇప్పుడు లేని ఏదో ఒక చిరునామా కోసం. మెమరీ నిండిపోయి డిస్క్ 100 శాతానికి అతుక్కుపోతేనే ర్యామ్ మాట ఎత్తాలి. పాయింట్ క్లౌడ్‌లు, భారీ త్రీడీ మోడళ్లతో పనిచేసేవాళ్లకి ఆ అవసరం నిజంగానే వస్తుంది. ఇంకా పాత తరహా తిరిగే హార్డ్ డిస్క్ మీదే పనిచేస్తుంటే ఎస్ఎస్‌డీకి మారడం దండగ కాదు.

దీంతో పాటు మూడు పోలికలు చూడాలి. ఖాళీ డ్రాయింగ్ ఇదే మెషిన్‌లో ఎంతలో తెరుచుకుంటోంది? ఇదే ఫైల్ ఇంకో మెషిన్‌లో ఎంతలో? సర్వర్ మీద కాకుండా సీ డ్రైవ్‌లో పెడితే ఎంతలో? మూడోదానిలో ఒక మెలిక ఉంది. ఒక్క డీడబ్ల్యూజీని (డ్రాయింగ్ ఫైల్‌ని) మాత్రమే సీ డ్రైవ్‌కి కాపీ చేస్తే రిలేటివ్ పాత్‌తో, అంటే ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ని బట్టి రాసిన చిరునామాతో, ఉన్న ఎక్స్‌రెఫ్‌లు దొరకవు. దొరకలేదు కాబట్టి లోడ్ కావు, ఫైల్ చకచకా తెరుచుకుంటుంది, మనం "సర్వర్‌దే తప్పు" అని రాసేసుకుంటాం. ఈట్రాన్స్‌మిట్ కమాండ్‌తో మొత్తం కట్ట తీసుకుని, దాన్ని లోకల్‌గా పెట్టి చూస్తేనే పోలిక సరైనది.

సీపీయూ ఊరకే ఉంది, ఫైల్ రావడం లేదు: వెతకాల్సిన నాలుగు చోట్లు

మొదటిది ఎక్స్‌రెఫ్ ప్యాలెట్. దొరకలేదని చూపించే ప్రతి వరుసా అనుమానించదగ్గదే. అవసరం లేనిదాన్ని అన్‌లోడ్ చేసి వదిలేయకండి, డిటాచ్ చేయండి. నెస్టెడ్ ఎక్స్‌రెఫ్ (ఒక ఎక్స్‌రెఫ్ లోపల ఉన్న ఇంకో ఎక్స్‌రెఫ్) అయితే ఇక్కడి నుంచి డిటాచ్ కాదు, దాన్ని మోస్తున్న ఫైల్ తెరిచి అక్కడ తీయాలి. ఇమేజ్‌లు, పీడీఎఫ్‌లు కూడా ఇదే ప్యాలెట్‌లో ఉంటాయి, వాటినీ చూడండి. ఇకపై ఎక్స్‌రెఫ్ తెచ్చేటప్పుడు అటాచ్‌మెంట్ బదులు ఓవర్‌లే ఎంచుకుంటే ఒకదానిలో ఒకటిగా ఎక్స్‌రెఫ్‌ల గొలుసు పెరగదు.

రెండోది ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్. సపోర్ట్ ఫైల్ సెర్చ్ పాత్ కింద ఎప్పుడో తీసేసిన సర్వర్ పేరో, ఇప్పుడు లేని డ్రైవ్ అక్షరమో ఉంటే, ఫాంటో లైన్‌టైపో కావాల్సినప్పుడు ఆటోక్యాడ్ ఆ తలుపు కూడా తడుతుంది. జవాబు రాదని తేలేదాకా నిలబడుతుంది. అలాంటివి తీసేయండి. నిజంగా కావాల్సిన నెట్‌వర్క్ పాత్‌లు ఉంటే జాబితాలో కిందికి జరపండి. ప్రింటర్ సపోర్ట్ ఫైల్ పాత్ కిందా ఇలాగే చూడాలి.

మూడోది ఎవరికీ తట్టనిది, ప్లాటర్. ప్రతి లేఅవుట్‌లో (ముద్రణకు సిద్ధం చేసిన షీట్‌లో) పేజ్ సెటప్ ఉంటుంది, అందులో ప్లాటర్ పేరు ఉంటుంది. ఆఫీసు మారి ఆ ప్లాటర్ లేకపోయినా పేరు ఫైల్‌లోనే ఉండిపోతుంది. పేజ్‌సెటప్ కమాండ్‌లోకి వెళ్లి, ఒక్కో లేఅవుట్‌కి ప్రింటర్‌ని "నన్" గానో "డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్" గానో మార్చండి. విండోస్‌లో డిఫాల్ట్ ప్రింటర్‌గా నెట్‌వర్క్ ప్రింటర్ ఉంటే దాన్ని కూడా లోకల్ పీడీఎఫ్ ప్రింటర్‌కి మార్చి చూడండి. లేఅవుట్ ట్యాబ్ నొక్కినప్పుడల్లా ఆగిపోతుంటే ముందు దీన్నే పట్టుకోవాలి.

నాలుగోది ఫాంట్లు. ఎస్‌హెచ్‌ఎక్స్ (ఆటోక్యాడ్ సొంత రకం) ఫాంట్ దొరకనప్పుడు దాని బదులు వాడే ఫాంట్ పేరు ఫాంట్‌ఆల్ట్ వేరియబుల్‌లో ఉంటుంది, అందులో సింప్లెక్స్ ఉందో లేదో చూసుకోండి.

అపోహ: పర్జ్ చేశాను, కాబట్టి ఫైల్ శుభ్రంగా ఉంది

పర్జ్ అంటే వాడకంలో లేనివాటిని ఫైల్ నుంచి తీసేసే కమాండ్. దాని డైలాగ్‌లో అన్నీ టిక్ చేసి "పర్జ్ ఆల్" నొక్కితే పని అయిపోయిందని అనుకుంటారు. మొండి చెత్త దానికి లొంగకపోవచ్చు. మూడు రకాలు ముఖ్యం: రెగ్‌యాప్‌లు, డీజీఎన్ లైన్‌టైప్‌ల (గీతల శైలుల) శేషాలు, లెక్కకు మించిన అనోటేషన్ స్కేల్స్ (అక్షరాలు, కొలతలు ఎంత సైజులో కనిపించాలో చెప్పే స్కేల్స్).

రెగ్‌యాప్ అంటే ఏదైనా అప్లికేషన్ తన సమాచారం అంటించడానికి ఫైల్‌లో నమోదు చేసుకున్న పేరు. ఒకటీ రెండూ ఉంటే నష్టం లేదు. చేతులు మారిన ఫైళ్లలో అవి వేలల్లో పేరుకుంటాయి. ఎక్స్‌రెఫ్ ఫైల్‌లో ఉన్నవి హోస్ట్ ఫైల్ (ఆ ఎక్స్‌రెఫ్‌ని వాడుకునే ప్రధాన ఫైల్) తెరిచేటప్పుడు కూడా భారమవుతాయి కాబట్టి హోస్ట్ ఒక్కటే శుభ్రం చేస్తే సరిపోదు. డీజీఎన్ శేషాలు మైక్రోస్టేషన్ అనే మరో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఫైళ్ల నుంచి వస్తాయి. తెర మీద నాలుగు గీతలే ఉంటాయి, ఫైల్ సైజు మాత్రం పదుల ఎంబీ, కాపీ-పేస్ట్ చేస్తే మెషిన్ స్తంభిస్తుంది. ఇదే దాని గుర్తు.

పని చేసే వరుస ఇలా ఉండాలి. ముందు ఫైల్ కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

1. ఫైల్‌లో తప్పులు వెతికే ఆడిట్ కమాండ్ ఇచ్చి, తప్పులు సరిచేయమంటారా అంటే యెస్.
2. కమాండ్ లైన్‌లో ముందు మైనస్ గుర్తు పెట్టి పర్జ్ అని కొట్టండి. డైలాగ్ రాదు, ఆప్షన్లు అక్కడే కనిపిస్తాయి. ఆర్ నొక్కితే రెగ్‌యాప్స్. పేర్లు అడిగితే ఎంటర్, ఒక్కోటి నిర్ధారించాలా అంటే నో. వేలల్లో ఉంటే కమాండ్ లైన్ చాలాసేపు పరుగెడుతుంది, వేలాడిపోయిందని మధ్యలో మూసేయకండి.
3. మళ్లీ అదే కమాండ్, ఈసారి ఓ. అది ఆర్ఫన్డ్ డేటా, డీజీఎన్ శేషాలు పోయేది దీంతోనే. మరీ పాత వెర్షన్లలో ఈ ఆప్షన్ ఉండదు.
4. మళ్లీ అదే కమాండ్, ఏ, అంటే ఆల్. ఇందులో రెగ్‌యాప్‌లు కలిసి రావు, అందుకే విడిగా చేశాం. బ్లాకులో బ్లాకు ఉంటే ఒక విడతలో పైదే పోతుంది. ఇంకేమీ లేవని చెప్పేదాకా మళ్లీ మళ్లీ ఇవ్వండి.
5. స్కేల్స్ జాబితాను రీసెట్ చేయడానికి ముందు మైనస్ పెట్టి స్కేల్‌లిస్ట్‌ఎడిట్, ఆర్ (R), వై (Y), తర్వాత బయటికి రావడానికి ఈ (E). వాడకంలో ఉన్న స్కేల్స్ అలాగే ఉంటాయి.
6. ఇంకోసారి ఆడిట్, ఆపైన సేవ్.

సేవ్ దగ్గర ఒక చిన్న సంగతి. ఐసేవ్‌పర్సెంట్ వేరియబుల్ డిఫాల్ట్‌గా 50 ఉంటుంది. అంటే సేవ్ చేసినప్పుడల్లా ఫైల్ మొత్తం తిరగరాయదు, కొంత వృథా జాగా లోపలే ఉండనిస్తుంది. దాన్ని 0 చేసి సేవ్ చేస్తే పూర్తిగా తిరగరాస్తుంది, అప్పుడే అసలు సైజు తెలుస్తుంది. తర్వాత మళ్లీ 50కి మార్చుకోండి.

ఎక్స్‌రెఫ్‌లు ఉంటే ఇదంతా అన్నిటికన్నా లోపలి ఫైల్ నుంచి మొదలుపెట్టి పైకి రావాలి.

పర్జ్ అంటే తమ గీతలు పోతాయేమోనని భయపడేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు. అది తీసేది డ్రాయింగ్‌లో ఎక్కడా వాడని లేయర్లు, బ్లాకులు, స్టైల్స్ లాంటి నిర్వచనాలనే. రేపు వాడదామని పెట్టుకున్న ఖాళీ లేయర్లు మాత్రం పోతాయి, వాటిని టెంప్లేట్‌లో ఉంచుకోండి. నిజంగా ఆబ్జెక్టులను తీసేవి జీరో-లెంగ్త్ జామెట్రీ, ఖాళీ టెక్స్ట్ ఆప్షన్లు. అవి విడిగా అడిగితేనే పనిచేస్తాయి.

అపోహ: అంతా ఎంచుకుని కొత్త ఫైల్‌లో పేస్ట్ చేస్తే చెత్త వదిలిపోతుంది

వదలదు, వెంట వస్తుంది. డీజీఎన్ శేషాలు, స్కేల్స్ ఆఫీసులో ఒక ఫైల్ నుంచి ఇంకో ఫైల్‌కి పాకేదే కాపీ-పేస్ట్ వల్ల. చివరికి టెంప్లేట్‌లో కూడా చేరితే కొత్తగా మొదలుపెట్టే ప్రతి డ్రాయింగూ బరువుతోనే పుడుతుంది. కాబట్టి పైన చెప్పిన వరుసను టెంప్లేట్ మీద, బ్లాక్ లైబ్రరీ మీద కూడా నడపండి. వేరే ఫైల్‌కి తప్పనిసరిగా తీయాల్సి వస్తే ముందు శుభ్రం చేసి, తర్వాత డబ్ల్యూబ్లాక్‌తో (ఎంచుకున్నవాటిని విడి ఫైల్‌గా రాసే కమాండ్‌తో) తీయండి. మోడల్‌లో ఎంచుకున్నవే వెళ్తాయి, లేఅవుట్లు రావు. వాటిని లేఅవుట్ కమాండ్‌లోని టెంప్లేట్ ఆప్షన్‌తో పాత ఫైల్ నుంచి తెచ్చుకోవచ్చు.

అపోహ: బ్లాకులన్నీ ఎక్స్‌ప్లోడ్ చేస్తే ఫైల్ తేలికవుతుంది

సరిగ్గా తలకిందులు. బ్లాక్ అంటే ఒకే గుంపుగా కట్టిన గీతలు, ఎక్స్‌ప్లోడ్ అంటే దాన్ని విడగొట్టడం. బ్లాకులో గీతలు ఒక్కసారే నిల్వ ఉంటాయి. వెయ్యి చోట్ల పెట్టినా ప్రతిచోటా ఉండేది స్థానం, స్కేల్, కోణం లాంటి వివరాలే. ఎక్స్‌ప్లోడ్ చేస్తే ఆ గీతలన్నీ వెయ్యి రెట్లవుతాయి. హ్యాచ్‌ని (ఒక ప్రాంతాన్ని నింపే గీతల నమూనాని) ఎక్స్‌ప్లోడ్ చేయడం ఇంకా ఘోరం. అలా పాడైన ఫైల్‌కి, పీడీఎఫ్‌ఇంపోర్ట్‌తో తెచ్చిన తుంపుల గీతలకి ఓవర్‌కిల్ (ఒకదాని మీద ఒకటి పడిన గీతలను తీసేసే కమాండ్) కొంత మేలు చేస్తుంది.

అపోహ: యాంటీవైరస్ ఆపేస్తే సరి

ఆపకండి. అనుమానం ఉంటే ఆటోక్యాడ్ ప్రాసెస్‌ని మినహాయింపులో పెట్టించి పోల్చి చూడమని ఐటీవాళ్లని అడగండి. ఆటోలిస్ప్ (ఆటోక్యాడ్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష) వైరస్‌లు నిజంగానే ఉన్నాయి. యాక్యాడ్ లేదా యాక్యాడ్‌డాక్ పేరుతో లిస్ప్, ఎఫ్ఏఎస్ ఫైళ్లుగా ప్రాజెక్ట్ ఫోల్డర్లలో దాక్కుని, జిప్ చేసి పంపినప్పుడు వెంట వెళ్తాయి. డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లో అలాంటిది మీరు పెట్టనిది కనిపిస్తే, మీ ఆఫీసు సొంత లిస్ప్ కాదని నిర్ధారించుకుని తీసేయండి. బయటి కోడ్ లోడయ్యే ముందు హెచ్చరించే సెక్యూర్‌లోడ్ వేరియబుల్‌ని 1గానే ఉంచండి.

అపోహ: తెరుచుకోవడం లేదంటే ఫైల్ పాడైపోయినట్టే

తెల్లవారితే ఇవ్వాల్సిన డ్రాయింగ్ తెర మీదికి రాకపోతే గుండె జారడం సహజం. అలా ఆగిపోయిన ఫైళ్లలో చాలా వాటికి కారణం పైన చెప్పిన ఎదురుచూపో, చెత్తో అయి ఉంటుంది. నెట్‌వర్క్ కేబుల్ తీసి, వైఫై ఆపి, లోకల్ కాపీ ఒకసారి తెరిచి చూడండి. నెట్‌వర్క్ లేకపోతే చిరునామాల కోసం నిరీక్షణ తగ్గిపోతుంది, ఫైల్ వచ్చేయొచ్చు. రాకపోతే ఆటోక్యాడ్‌లో ఖాళీ డ్రాయింగ్ తెరిచి, అక్కడి నుంచి రికవర్ కమాండ్‌తో ఆ ఫైల్‌ని ఎంచుకోండి. దానికీ లొంగకపోతే అదే ఫోల్డర్‌లో అదే పేరుతో ఉన్న బీఏకే (బ్యాకప్) ఫైల్ కాపీ తీసి, ఎక్స్‌టెన్షన్‌ని డీడబ్ల్యూజీగా మార్చి తెరవండి. అది చివరి సేవ్‌కి ముందు స్థితి. ఆటోసేవ్ ఫైళ్లు టెంప్ ఫోల్డర్‌లో ఎస్‌వీ డాలర్ ఎక్స్‌టెన్షన్‌తో ఉంటాయి, కచ్చితమైన చోటు సేవ్‌ఫైల్‌పాత్ వేరియబుల్ చెబుతుంది. వాటినీ ఇలాగే పేరు మార్చి తెరవొచ్చు. ఈ పని అయ్యేదాకా అసలు ఫైల్ మీద మాత్రం సేవ్ నొక్కకండి. నొక్కితే బీఏకే కూడా మారిపోతుంది.