పాత ఆటకి మేళం మాట్లాడుకోవడం

కంప్యూటర్ సంగీతంలో వాయిద్యాలకు నంబర్లుంటాయి. పియానోది 1, వయొలిన్‌ది 41, ఫ్లూట్‌ది 74, సితార్‌ది 105. మా కోనసీమ పెళ్లిళ్లలో ఊదే సన్నాయికి దగ్గరి చుట్టమైన షెహనాయ్‌ది 112. వీణ లేదు, మృదంగం లేదు, డోలు ఊసే లేదు. కంప్యూటర్లూ కీబోర్డులూ పాట వాయించమని ఆదేశాలు పంపుకునే పద్ధతిని మిడి అంటారు. దానికోసం 1991లో జనరల్ మిడి పేరుతో ఖాయం చేసిన 128 వాయిద్యాల జాబితా ఇది.

మొన్న వేసవిలో ఈ జాబితాతో నాకు పని పడింది. సెలవులకి అమలాపురం వచ్చిన మా మేనల్లుడు తన ల్యాప్‌టాప్‌లో డాస్‌బాక్స్ వేసి, నా కాలం నాటి ఆట ఒకటి తెరిచాడు. డాస్‌బాక్స్ పాత డాస్ కంప్యూటర్ వేషం కట్టే ప్రోగ్రాం, 2002 నుంచి ఉంది. బొమ్మ బాగానే వచ్చింది. పాట దగ్గరే తేడా కొట్టింది. తాళం తప్పలేదు, ట్యూనూ అదే, కానీ బాకా మోగాల్సిన చోట గిటారు మోగుతోంది.

"మావయ్యా, మీ రోజుల్లో ఇలాగే ఉండేదా?" అన్నాడు.

"లేదురా, మేళం మారిపోయింది" అన్నాను.

సరదాకి అన్నమాట కాదు. మిడి ఫైల్లో ఉండేది శబ్దం కాదు. సంగీతం నేర్చుకునే పిల్లల నోటుపుస్తకంలో స్వరాలు రాసి ఉంటాయి చూశారా, అలాంటిది. పుస్తకాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినపడదు, ఎవరో ఒకరు వాయించాలి. "3వ ఛానెల్లో 60వ స్వరం, 100 బలంతో మొదలుపెట్టు" అన్న ఆదేశానికి మూడు బైట్లు చాలు. 60 అంటే పియానో నడిమధ్యలో ఉండే సి. ఆపమనడానికి మళ్లీ ఓ మూడు. వాయిద్యం మార్చాలంటే రెండే. 10వ ఛానెల్ మాత్రం డప్పులవాళ్లది. అక్కడ స్వరం నంబరు శ్రుతిని చెప్పదు, ఏ డ్రమ్మో చెబుతుంది. 36 అయితే పెద్ద డ్రమ్ము, 38 అయితే స్నేర్.

ఇంత పొదుపు ఎందుకంటే, సీడీ నాణ్యతలో ఒక్క సెకను పాటకి 1,76,400 బైట్లు కావాలి. ఆ రోజుల్లో ఆటలొచ్చిన 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఎనిమిది సెకన్ల పాట పడితే గొప్ప. ఇక ఆట ఎక్కడ పెట్టాలి? స్వరాలు మాత్రం రాసుకుంటే పాటంతా కొన్ని పదుల కిలోబైట్లలో అయిపోతుంది.

మిడిని ఆటల కోసం కనిపెట్టలేదు. వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదాని మాట ఒకటి వినాలని వాటిని తయారుచేసే డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి పూనుకున్నారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే వాయిద్యాల ప్రదర్శనలో రెండు కంపెనీల సింథసైజర్లను (కరెంటుతో నాదం పుట్టించే కీబోర్డులను) ఒక తీగతో కలిపి మోగించి చూపించారు. ఆ తీగలో పదహారు ఛానెళ్లు. ఛానెల్ అనగానే ధవళేశ్వరం నుంచి పదహారు కాలువలు విడివిడిగా బయల్దేరినట్టు అనుకుంటాం. కాదు, కాలువ ఒక్కటే. దాళ్వాలో నీళ్లు చాలనప్పుడు వంతులవారీగా వదులుతారే, ఇక్కడా అదే పద్ధతి. సెకనుకి 31,250 బిట్లు పారతాయి. ఒక బైటుకి ముందూ వెనకా కాపలా బిట్లు కలుపుకుని పది బిట్లు పడతాయి. మూడు బైట్ల ఆదేశానికి దాదాపు ఒక మిల్లీసెకను. పది స్వరాలు ఒకేసారి మోగాలంటే పదోదానికి వంతు వచ్చేసరికి పది మిల్లీసెకన్లవుతుంది. మామూలుగా మన చెవి దాన్ని పట్టించుకోదు.

మరి మావాడి ల్యాప్‌టాప్‌లో బాకా గిటారెందుకైంది? ఆ ఆట జనరల్ మిడి కంటే ముందుది. అప్పట్లో ఆటలు రాసేవాళ్లు రోలాండ్ ఎంటీ-32 అనే పెట్టెని నమ్ముకునేవారు. 1987లో వచ్చిన ఆ పెట్టెకి తన సొంత నంబర్లున్నాయి. దాంట్లో 25 అంటే సింథసైజర్ బాకా. జనరల్ మిడిలో 25 నైలాన్ తీగల గిటారు. ఆట 25 అని అరిచింది, విండోస్‌లో కూర్చున్న మేళం తన జాబితా చూసుకుని గిటారు ఎత్తుకుంది. పాపం, దాని తప్పేం లేదు.

నంబర్లు మార్చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నేనూ అదే అనుకుని ఓ సాయంత్రమంతా తగలేశాను. చాలా ఆటలు ఎంటీ-32లో ఉన్న వాయిద్యాలతో ఊరుకునేవి కావు. మొదలవగానే తమ సొంత వాయిద్యాలను తయారుచేసే వివరాలు పెట్టెలోకి పంపేవి. ఎంటీ-32 నాదాన్ని అతికించి తయారుచేస్తుంది. తీగ మీటిన ఆ మొదటి క్షణానికి రికార్డు చేసిన చిన్న ముక్క వాడి, తర్వాత సాగే నాదాన్ని సర్క్యూట్‌తో పుట్టిస్తుంది. వాయిద్యాన్ని మన చెవి ఎక్కువగా ఆ మొదటి క్షణంలోనే గుర్తుపడుతుంది కాబట్టి ఈ కిటుకు బాగా పారింది. ఇన్ని అతుకులతో ఆట తయారు చేసుకున్న వాయిద్యానికి జనరల్ మిడి జాబితాలో జోడీ దొరకదు.

అందుకని నా పద్ధతేంటంటే, ముందు ఆట వచ్చిన సంవత్సరం చూడటం. 1991కి ముందుదైతే ఎంటీ-32, బాగా తర్వాతదైతే జనరల్ మిడి. మధ్యలోవాటికి రెండూ పెట్టి విని చూసుకోవాల్సిందే. ఆట సెటప్‌లో ఆ పేరు ఎంచుకుని, పోర్టు అడిగితే 330 ఇవ్వాలి. డాస్‌బాక్స్ స్టేజింగ్ అనే కొత్త రూపంలో అయితే రెండు మేళాలూ లోపలే ఉన్నాయి. కాన్ఫిగ్ ఫైల్లో మిడి డివైస్ ఎదురుగా ఎంటీ-32 అనో, జనరల్ మిడి మేళం కావాలంటే ఫ్లూయిడ్‌సింత్ అనో రాయాలి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే లెండి). ఎంటీ-32కి అసలు పెట్టెలోని రోమ్ ఫైళ్లు రెండు కావాలి, అంటే దాని చిప్పుల్లో చెరగకుండా రాసి ఉన్న సమాచారం. వాటికి కాపీరైట్ ఉంది కాబట్టి డాస్‌బాక్స్‌తో పాటు రావు.

ఫ్లూయిడ్‌సింత్‌కి సౌండ్‌ఫాంట్ కావాలి. నిజమైన వాయిద్యాల మీద కొన్ని స్వరాలు రికార్డు చేసి కట్టిన మూట అది. మధ్య స్వరాలకి పక్క రికార్డునే వేగం మార్చి మోగిస్తుంది. ఎంత పెద్ద ఫైలైతే అంత గొప్పని దింపుకుంటారు చాలామంది. నాకు నచ్చదు. 1993లో వచ్చిన డూమ్ ఆటకి బాబీ ప్రిన్స్ చేసిన పాటలు ఆనాటి చిన్న పరికరాల కోసం కట్టినవి. వాటికి గిగాబైటు పియానో తగిలిస్తే, డోలు పక్కన వీణ కచేరీ పెట్టినట్టు ఒకటి ఇంకోదాన్ని మింగేస్తుంది.

ఎంటీ-32 కుదిరాక బాకా బాకాలా మోగింది. మావాడు ఎగిరి గంతేశాడు. నాకేమో ఏదో వెలితి. ఆలోచిస్తే తెలిసింది, తొంభైల్లో నేను ఆడిన కంప్యూటర్‌కి ఈ పెట్టె ఎక్కడిది! అందులో ఉన్నది అడ్లిబ్ తరహా సౌండ్ కార్డు. యమహా వైఎం3812 చిప్పు, ఒకేసారి తొమ్మిదే గొంతులు. రికార్డు ముక్కలేవీ ఉండవు, ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని వణికించి నాదం పుట్టించడమే. సెటప్‌లోకి వెళ్లి అడ్లిబ్ పెట్టాను. ఆ రేకు డబ్బా మోత వినగానే ప్రాణం లేచొచ్చింది.

"ఇదేంటి మావయ్యా, చెవిలో దోమ దూరినట్టుంది!" అన్నాడు.

ఇప్పుడా ఆట వాడి ల్యాప్‌టాప్‌లో రెండు ఫోల్డర్లలో ఉంది. ఒకటి వాడిది, ఎంటీ-32తో. రెండోదానికి వాడే పేరు పెట్టాడు, దోమ అని.