డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తోచని పిల్లలకు

పిల్లలూ,

మొన్న దసరాకి మా అక్క మనవరాలు వచ్చి మూడు రోజులు ఉండి వెళ్లింది. బీకాం పూర్తయి ఏడాది దాటింది. ఇంటికి వచ్చినవాళ్లంతా "ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" అని అడుగుతుంటే పాపం వంటింట్లోకి వెళ్లిపోయేది. మూడో రోజు రాత్రి నా పక్కన పడుకుని, "చిన్నమ్మమ్మా, నాకేది ఇష్టమో నాకే తెలియట్లేదు. అది ఆలోచిస్తే చాలు టెన్షన్ వచ్చేస్తోంది" అంది. అది నిద్రపోయింది కానీ నాకు నిద్ర పట్టలేదు. 1983లో నేనూ అదే మాట అనుకుంటూ పది నెలలు ఇంట్లో కూర్చున్నాను.

నాది బీఎస్సీ, బీజెడ్‌సీ. అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. మెడిసిన్ సీటు రాలేదు కాబట్టి చదివిన చదువు. నాన్న బీఈడీ చేయమన్నారు, మామయ్య బ్యాంకు పరీక్షలు రాయమన్నాడు. టైపింగ్‌లో లోయర్ పరీక్ష పాసయ్యాను. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని కార్డు తెచ్చుకున్నాను. మిగతా సమయమంతా మంచం మీద కూర్చుని నాకేం ఇష్టమా అని ఆలోచించడమే. ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు. తట్టకపోవడం నా లోపమేననుకుని రాత్రిళ్లు ఏడ్చేదాన్ని.

మా బాబాయి భద్రాచలం ఏజెన్సీలో మలేరియా వర్కరు. ఇల్లిల్లూ తిరిగి, జ్వరం వచ్చినవాళ్ల వేలిమీద సూదితో గుచ్చి, రక్తపు చుక్క గాజు పలక మీద పూసి తెచ్చేవాడు. వచ్చి వెళ్లిన తేదీ ఆ ఇంటి గోడ మీద రాసేవాడు. ఆ వానాకాలం ఆరోగ్య కేంద్రంలో స్లైడ్లు గుట్టలుగా పేరుకుపోయాయి. "ఊరికే కూర్చునే బదులు వచ్చి రిజిస్టర్లో నంబర్లు రాసిపెట్టమ్మా" అని నన్ను తీసుకెళ్లాడు.

మధ్యాహ్నందాకా నంబర్లు రాశాను. ల్యాబ్‌లో ఉన్న పెద్దాయన నన్ను చూసి "రా, చూద్దువు గాని" అని స్టూలు జరిపారు. ఒంటి గొట్టం మైక్రోస్కోపు. నేను ఒక కన్ను మూసి చూస్తే నా కనురెప్పల వెంట్రుకలే కనపడ్డాయి. "రెండు కళ్లూ తెరిచే చూడాలి, అప్పుడే అలసట రాదు" అన్నారు. కాసేపటికి లేత గులాబీ రంగులో ఎర్ర రక్తకణాలు, ఒకదాని పక్కన ఒకటి. వాటిలో ఒక కణంలో సన్నని నీలం ఉంగరం, ఆ ఉంగరానికి కెంపు పొదిగినట్టు ఒక ఎర్రని చుక్క. "అదే మలేరియా. ఆ పిల్లాడికి ఈ రోజే మందు పంపాలి" అన్నారాయన. ఆ స్లైడు నంబరు పొద్దున నా చేత్తో రాసిందే. మర్నాడు ఎవరూ పిలవకుండానే మొదటి బస్సుకి వెళ్లాను.

తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేశాను, ముప్పై మూడేళ్లు ఆ పనిలోనే ఉన్నాను. అన్నీ మొదటిరోజే నచ్చేశాయని చెబితే అబద్ధమవుతుంది. పసిపిల్లల చేతికి సూది గుచ్చాలంటే ఏడాదిపాటు నా చేతులు వణికేవి. పని చేతికి వచ్చేకొద్దీ ఇష్టం పెరిగింది. మంచం మీద కూర్చున్నప్పుడు అది నాలో లేదు. లేనిదాన్ని పది నెలలు వెతికాను. మీరు ఆ పొరపాటు చేయకండి.

దోమల వల్ల మలేరియా వస్తుందని తేల్చిన రొనాల్డ్ రాస్ సంగతి చూడండి. ఆయనకు రాయడం మీద, కళల మీద మనసు. తండ్రి పట్టుబట్టి 1874లో లండన్‌లో వైద్యం చదువుకు చేర్చాడు. మన దేశంలో డాక్టరుగా ఏళ్లు గడిపినా మలేరియా మీద ఆయనకు గట్టి పట్టుదల వచ్చింది మాత్రం 1894లో. ఆ ఏడు లండన్‌లో మాన్సన్ అనే డాక్టరు ఆయన్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి మలేరియా తెచ్చే పరాన్నజీవిని కళ్లారా చూపించాడు. అప్పటికి రాస్‌కి దాదాపు ముప్పై ఏడేళ్లు. మూడేళ్ల తర్వాత, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో దాన్ని కనిపెట్టాడు. తనను దోమలతో కుట్టించుకోవడానికి హుస్సేన్ ఖాన్ అనే రోగి ఒప్పుకున్నాడు, దోమకి ఒక అణా చొప్పున తీసుకుని. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది. ఇరవై ఒకటో ఏట దారి తెలియలేదని దిగులుపడే ప్రతి పిల్లకీ నేను ఈ కథ చెబుతాను.

అందుకని నేను అడిగేది ఒకటే. మీకు తెలిసినవాళ్లలో ముగ్గురిని ఎంచుకుని, వాళ్లు పనిచేసే చోటికి వెళ్లి ఒక్క రోజు పక్కన కూర్చోండి. ఆడిటర్ ఆఫీసు కావచ్చు, విత్తనాల కొట్టు కావచ్చు, స్కూలు కావచ్చు. జీతం ఎంతని అడగడం సరే, పొద్దున పదింటికి ఏం చేస్తారు, సాయంత్రం నాలుగింటికి ఏం చేస్తారు అని కూడా అడగండి. నాలుగింటికి మనిషి అలసిపోయి ఉంటాడు. అప్పుడు కూడా ఆ పని గురించి ఎలా మాట్లాడుతున్నాడో వినండి.

ఒక్కరోజు చాలదనుకుంటే అప్రెంటిస్‌గా, అంటే పని నేర్చుకునే మనిషిగా చేరండి. ఇది ఐటీఐ వాళ్లకే అనుకుంటారు చాలామంది. డిగ్రీవాళ్లకూ, బీఏ, బీకాం వాళ్లకూ ఉంది. కేంద్రం నడిపే నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్‌లో డబ్బు కట్టకుండా పేరు నమోదు చేసుకోవచ్చు. 2019 నిబంధనల్లో డిగ్రీవాళ్లకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ అని పెట్టారు. అద్దెకీ తిండికీ బొటాబొటిగా సరిపోతుంది, నిజమే. కానీ ఏడాదిపాటు ఒక పనిని లోపలి నుంచి చూస్తారు.

సర్కారు ఉద్యోగం కోసం చదివేవాళ్లకు ఒక మాట. చదవొద్దని నేను అనను, నాదీ సర్కారు ఉద్యోగమే. కానీ 2023 సివిల్స్ ప్రిలిమ్స్ రాసినవాళ్లు 5,92,141 మంది, చివరికి ఎంపికైనవాళ్లు 1,016 మంది. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల్లో ఆరేడేళ్లు ఉండిపోయిన పిల్లలు నాకు తెలుసు. తెలివి తక్కువై కాదు, ఎప్పుడు ఆపాలో ముందే అనుకోకపోవడం వల్ల. ఎన్నిసార్లు రాస్తారో, ఏ నెల వరకో అమ్మానాన్నలతో కూర్చుని ఇప్పుడే అనుకుని క్యాలెండర్ మీద రాసిపెట్టండి. బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

మా పిల్ల వచ్చే బుధవారం ఖమ్మంలో మాకు తెలిసిన ఆడిటర్ దగ్గర కూర్చోబోతోంది. జీఎస్టీ రిటర్నులు ఎలా వేస్తారో చూస్తుందట. నాలుగింటికి ఏం జరిగిందో నాకు ఫోన్ చేసి చెప్పమన్నాను. మీరు ఎక్కడికి వెళ్లారో, ఏం చూశారో మీరూ నాకు రాయండి.

ప్రేమతో,
మీ చిన్నమ్మమ్మ