ఆముదం తాగిన తోలు

కనుమకు ముందు అటక మీంచి తాతయ్య నాటి మువ్వల పట్టెడ దింపాను. ఎద్దుల్ని అమ్మేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇత్తడి మువ్వలు చింతపండుతో తోమితే మెరిశాయి గానీ, తోలు మాత్రం ఎండిన తాటిమట్టలా బిగుసుకుపోయింది. వంచబోతే చిటపటమంది. కోనసీమ ఇంట్లో చేతికి ముందు అందేది కొబ్బరినూనే కదా, దాన్నే ఒంపి ఎండలో పెట్టాను. సాయంత్రానికి పైన జిడ్డు, లోపల అదే బిగువు.

అమలాపురంలో చెప్పులు కుట్టే పెద్దాయన దాన్ని వేలితో నొక్కి చూశారు. "నూనె పొయ్యకూడదండి, తాగించాలండి. అదీ ఆముదం" అన్నారు.

ఆ "తాగించడం"లోనే అసలు సంగతంతా ఉంది. తోలంటే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లిక. కొబ్బరి పీచుతాడు పేనడం చూసినవాళ్లకి దీని నిర్మాణం చప్పున అర్థమవుతుంది: ఒక్కో అణువులో మూడు పేటలు ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి ఉంటాయి. ఆ సంగతిని 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. అలాంటి అణువులు కట్టలు కట్టలుగా చేరితే పోగు అవుతుంది. పోగుల మధ్య నీరున్నంతసేపూ అవి ఒకదాని మీద ఒకటి జారతాయి. నీరు ఆరిపోయేటప్పుడు తడిజుట్టు పాయలు కట్టినట్టు పోగుల్ని దగ్గరికి లాగేస్తుంది. అవి అతుక్కుపోతాయి, తోలు చెక్క అవుతుంది. డప్పుకి కావలసింది సరిగ్గా ఈ బిగువే. అందుకే ఊనని (పదును చెయ్యని) పచ్చితోలు మూసి, మంటకి కాచి మోగిస్తారు. డప్పుకి నూనె పట్టిస్తే గొంతు పోతుంది.

పట్టెడ తోలు వేరు. తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటిలోని టానిన్లు అనే వగరు పదార్థాలతో ఊనితే తోలు కుళ్లదు గానీ, ఆ ఒక్కదానితోనే మెత్తగా ఉండదు. ఆరబెట్టే ముందే నూనె పట్టిస్తారు. నీరు ఖాళీ చేసిన చోట్లో నూనె పొరలా నిలిచి, పోగులు అతుక్కోకుండా చూస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె గాలికి చెడి, కొంత తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక ఏ నూనె? అవిసె నూనె వద్దే వద్దు. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టి పొరలా మారుతుంది. చెక్కసామానుకి మంచిది, తోలుకి చేటు. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది, పుష్యమాసపు రాత్రుల్లో మన తలనూనె సీసాలో చూస్తూనే ఉంటాం. ఆముదం చిక్కన, కానీ ఎండి పొరకట్టదు. విదేశాల్లో తోలు పనివాళ్లు వాడే నీట్స్‌ఫుట్ నూనె పశువుల కాళ్ల ఎముకల నుంచి తీస్తారు. చలిలో నిలబడే కాళ్లలోని కొవ్వు ఒంట్లోని కొవ్వు కన్నా మెత్తన, చల్లబడినా తొందరగా గడ్డకట్టదు. ప్రకృతి ఎంత ముందుచూపుతో ఉందో!

పెద్దాయన చెప్పినట్టే చేశాను. దుమ్ము తుడిచి, తడిగుడ్డతో కాస్త చెమ్మ పట్టించాను. చెమ్మ పూర్తిగా ఆరకముందే, గుడ్డకి నాలుగు చుక్కలు అద్ది గరుకుగా ఉండే లోపలి వైపు రుద్దాను. అటు పోగులు వదులుగా ఉంటాయి, నునుపు వైపు బాగా దట్టం. నీరు వెళ్తుంటే ఆ దారినే నూనె లోపలికి దిగుతుంది. ఎండ వద్దు, నీడే. పొయ్యి గట్టు మీద అసలే వద్దు: తడిసిన తోలు 70, 80 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతే ఇక తిరిగి రాదు.

వానాకాలం డెల్టా గాలిలో తోలు మీద తెల్లగా కనిపిస్తే కంగారు పడకండి, కాస్త వెచ్చని గాలి తగిలించండి. కరిగి మాయమైతే అది లోపలి కొవ్వు పైకి తేలినది. అలాగే ఉంటే బూజు, పొడిగుడ్డతో ఇంటి బయట తుడవాలి.

మూడో రాత్రికి పట్టెడ చప్పుడు లేకుండా వంగింది. బకిలు దగ్గర పోగులే తెగిన చోట మాత్రం ఆముదం ఏమీ చెయ్యలేకపోయింది. అక్కడ అడుగున కొత్త తోలు ముక్క వేసి పెద్దాయన కుట్టారు.