దమ్ము జబ్బు: ఆసుపత్రికి పోయినప్పుడు మీ మాట పట్టించుకోవాలంటే

నేను నల్లగొండలో ఛాతీ జబ్బుల డాక్టర్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో రైసు మిల్లు దుమ్ములో పనిచేసినవాళ్లు, బీడీ మానలేనివాళ్లు, కట్టెల పొయ్యి ముందు 30, 40 ఏళ్లు వంట చేసిన అవ్వలు ఎక్కువ. ఊపిరి గొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసపెట్టే ఈ జబ్బును మేం సీఓపీడీ అని రాస్తాం, వాళ్లు దమ్ము అంటారు. ఆలస్యంగా రావడం, వచ్చాక చెప్పాల్సింది చెప్పలేకపోవడం చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: "దమ్ము ఎప్పుడూ ఉండేదే, పొద్దున చూద్దాం."

నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూడండి. తెమడ ఎక్కువైనా, తెల్లగా ఉండేది పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో మారినా, పంపు (ఇన్‌హేలర్) కొట్టుకున్న కాసేపటికే మళ్లీ ఆయాసం వస్తున్నా ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. మాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోతుంటే, పెదవులు నీలంగా మారితే, మనిషి మత్తుగా ఉంటే మాత్రం ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చేయండి.

అపోహ: "ఆక్సిజన్ ఎంత ఎక్కువ పెడితే అంత మంచిది."

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సీఓపీడీ ఉన్న కొందరికి ఆక్సిజన్ మోతాదు మించితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మత్తు కమ్ముతుంది. ఒక పెద్దాయనకు వేరే ఆసుపత్రిలో రాత్రంతా ఫుల్లుగా ఆక్సిజన్ పెట్టారు, రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపే, వేలికి పెట్టిన మిషన్‌లో 99 కనిపిస్తోందని అందరూ ధైర్యపడ్డారు, మూడు రోజులుగా నిద్ర లేని మనిషి ఇప్పుడు కంటినిండా పడుకున్నాడనుకుని భార్య దుప్పటి కప్పింది. తెల్లారి మా దగ్గరికి తెచ్చేసరికి ఆయన లేపితే లేవడం లేదు. మాస్కు ద్వారా గాలి పంపి ఊపిరికి సాయం చేసే బైపాప్ మిషన్ పెట్టి బయటపడేశాం. ఇంట్లో ఆయనకు ఎప్పుడూ 89, 90 మధ్యే ఉండేదని కొడుకుకు తెలుసు, కానీ అది చెప్పాల్సిన విషయమని అతనికి తెలియదు, అక్కడ అడిగినవాళ్లూ లేరు. ఆ రోజు నాకు చాలా బాధ అనిపించింది.

ఇలాంటి రోగులకు వేలి మిషన్‌లో సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు. అలాగని భయపడి ఆక్సిజనే వద్దనకండి, మీకు ఎంత ఉండాలో మీ డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. అదే కాగితం మీద మామూలు రోజుల్లో ఎంత ఉంటుందో, ఏ పంపు ఎన్నిసార్లు వాడుతున్నారో, పోయినసారి ఎప్పుడు అడ్మిట్ అయ్యారో, బైపాప్ పెట్టారో లేదో, షుగర్ ఉందో లేదో, ఏ మందు పడదో రాసి ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డులున్న కవర్లోనే పెట్టండి. 108 వాళ్లకు ముందుగా చూపించాల్సింది ఆ కాగితమే.

అపోహ: "ఎక్కువ అడిగితే డాక్టర్‌కు కోపం వస్తుంది."

ఓపీ నిండా జనం ఉన్నప్పుడు కసురుకునేవాళ్లు ఉన్నారు, అది తప్పే. అయినా అడగాలి. "బాగలేదు సారూ" అంటే లైన్లో అందరూ అనేది అదే కాబట్టి ఎవరికీ తొందర పుట్టదు. "నిన్నటిదాకా బోరింగు దాకా నడిచిండు, ఇయ్యాల మంచం దిగుతలేడు" అనండి, నర్సమ్మ వెంటనే లేచి వస్తుంది. డిశ్చార్జ్ రోజున రెండు ప్రశ్నలు అడగకుండా కదలొద్దు: రాత్రిపూట ఎక్కువైతే ఎవరికి ఫోన్ చేయాలి? ఇంట్లో ముందే పెట్టుకోవాల్సిన మందులేమైనా ఉన్నాయా, ఉంటే ఎప్పుడు మొదలుపెట్టాలి?

అపోహ: "ఎక్స్‌రే బాగుంది, ఇంకేం లేదు."

సీఓపీడీ ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్షతోనే తేలుతుంది.

అపోహ: "పంపు అలవాటైతే ఇగ వదలదు."

బీపీ గోలీ రోజూ వేసుకున్నట్టే ఇదీ, వ్యసనం కాదు. పంపులో పీల్చాల్సిన క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేస్తున్నవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు, తప్పు వాళ్లది కాదు, చూపించకుండా చీటీ రాసిచ్చిన మాది. వచ్చిన ప్రతిసారీ మీ పంపు తెచ్చి మా ముందే పీల్చి చూపించండి.

అపోహ: "ఊళ్లో ఒక సూది వేయించుకుంటే సరిపోతుంది."

ఆ పూటకు హాయిగా ఉంటుంది. కానీ అందులో స్టెరాయిడ్ ఉంటే, అదీ మాటిమాటికీ వేయించుకుంటుంటే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. వేయించుకున్నా సరే, ఆ సూది పేరు అడిగి తేదీతో సహా కవర్లోని కాగితం మీద రాయండి. నేను తిట్టను, నాకు ఆ పేరు కావాలి.