పొడి తిన్న ఎలుక

రెండు బోనులు. రెండింటిలోనూ ఒకే వయసు ఎలుకలు, ఒకే దాణా. ఒక బోనులో దాణా గట్టి గుళికలుగా ఉంటుంది. రెండోదానిలో అవే గుళికలను మెత్తగా పొడి చేసి పోస్తారు. మాంసకృత్తుల్లో, విటమిన్లలో ఏ తేడా లేదు. మొదటి ఎలుక గుళికను ముందుకాళ్లతో పట్టుకుని కొరకాలి, దవడ పళ్ల మధ్య వేసి నూరాలి. రెండోదానికి ఆ శ్రమ లేదు. నాలుకకు అందింది అందినట్టే గొంతు దిగిపోతుంది. జపాన్ ప్రయోగశాలల్లో ఇలాంటి పరీక్షలు చాలా జరిగాయి. నెలల తరబడి పొడి తిన్న ఎలుకలకు, జ్ఞాపకశక్తికి ఆయువుపట్టయిన హిప్పోకాంపస్‌లో, కొత్త నాడీకణాల పుట్టుక తగ్గినట్టు వాటిలో తేలింది.

తిండి మారలేదు. నమలడం మారింది, అంతే.

బాగా నమిలితే కడుపుకు పని తగ్గుతుందని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. కానీ నమిలినదీ లేనిదీ మెదడుకెందుకు పట్టాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతున్నవారు ఈమధ్య ఎక్కువగా తలుచుకుంటున్న పేరు మైక్రోగ్లియా. ఇవి మెదడులోని రోగనిరోధక కణాలు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఓర్టెగా మెదడు ముక్కలకు వెండి లవణంతో రంగు పట్టించి, కొమ్మలూ రెమ్మలతో ఉన్న ఈ చిన్న కణాలను విడిగా గుర్తించాడు. మెదడు కణాల్లో వీటి వాటా పదోవంతు దాకా ఉంటుంది. ఇవి మెదడులో పుట్టినవి కావు. పిండదశ తొలినాళ్లలోనే పచ్చసొన సంచి నుంచి వలస వచ్చి అక్కడే స్థిరపడిపోయినవి. చాలాకాలం పాటు వీటిని గాయం తగిలినప్పుడు మాత్రమే నిద్రలేచే కాపలాదార్లనుకున్నారు. 2005లో బతికున్న ఎలుక మెదడును సూక్ష్మదర్శినితో చూస్తే ఆ మాట నిలవలేదు. వాటి కొమ్మలు క్షణం ఊరుకోవు. నిమిషాల్లోనే చాస్తాయి, ముడుస్తాయి, చుట్టుపక్కలంతా తడుముతాయి. అక్కర్లేని నాడీ సంధులను కొరికి తీసేసేదీ ఇవే. మంచి తోటమాలులే గానీ, రెచ్చిపోతే పనికొచ్చే కొమ్మలూ నరికేస్తాయి.

దవడకూ వీటికీ చుట్టరికం ఎక్కడ కలుస్తుంది? నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది నాడి దారి.

అన్నంలో ఇసుక రేణువు పంటికి తగిలితే ఉలిక్కిపడతాం కదా. అంత చిన్న రేణువును పట్టిచ్చేది పంటి వేరుకూ ఎముకకూ మధ్యనున్న పలుచని పీచుపొర. అందులోని నాడుల చివర్లు పంటి మీద పడే ఒత్తిడిని అణువణువూ కొలుస్తాయి. ఆ కబురు ముఖానికీ దవడకూ చెందిన ట్రైజెమినల్ నాడి మీదుగా పైకి పోతుంది. ఇక్కడొక వింత ఉంది. ఒంట్లో ఎక్కడ స్పర్శ తగిలినా, దాన్ని మోసుకొచ్చే నాడీకణం మెదడుకూ వెన్నుపాముకూ బయటే కాపురముంటుంది. నమిలే కండరాల కబురు తెచ్చే కణాలు మాత్రం నేరుగా మెదడు కాండంలోనే కూర్చుంటాయి. పంటి ఒత్తిడి చెప్పేవాటిలోనూ కొన్ని వాటి పక్కనే చేరాయి. మరే స్పర్శ కణానికీ ఈ భాగ్యం లేదు.

ఆ కణాలకు పొరుగునే లోకస్ సెరూలియస్ అనే చిన్న నాడీకణాల గుంపు ఉంటుంది. లాటిన్‌లో ‘నీలి చోటు’ అని అర్థం. మనిషి మెదడు కోసి చూస్తే నిజంగానే నీలిరంగుగా కనిపిస్తుంది. మెదడంతటికీ నోరడ్రినలిన్‌ను, అంటే మనల్ని అప్రమత్తంగా ఉంచే రసాయనాన్ని, పంచేది ఇదే. 2019లో అమెరికాలోని రెండు బృందాలు విడివిడిగా ఒక సంగతి చూపాయి. ఎలుక మెలకువగా ఉండి నోరడ్రినలిన్ అందుతున్నంతసేపు మైక్రోగ్లియా కొమ్మలు అదుపులో ఉంటాయి. మత్తుమందు ఇవ్వగానే బారలు చాచుకుంటాయి. నమిలే నాడి, నీలి చోటు, కాపలా కణాలు ఒకే వరుసలో పని చేస్తున్నాయనుకోవడానికి ఇది మంచి ఆధారమే. అయితే మొదటి నుంచి చివరిదాకా గొలుసంతా ఒకే ప్రయోగంలో రుజువైందని చెబితే మాత్రం తొందరపాటవుతుంది.

రెండో దారి చిగుళ్లది. 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, నమిలేటప్పుడు చిగుళ్లకు తగిలే సన్నసన్న రాపిడులే అక్కడ టీహెచ్17 అనే రోగనిరోధక కణాలను పోగు చేస్తాయి. సూక్ష్మజీవులు ఒక్కటీ లేకుండా పెంచిన ఎలుకల్లోనూ అవి పోగవుతూనే ఉన్నాయి. మెత్తని తిండి పెడితే తగ్గాయి, రాపిడి పెంచితే పెరిగాయి. గట్టి తిండిదంతా మంచే అనుకునేవారు ఇక్కడ కాస్త ఆగాలి. ఆ కణాలు మితిమీరితే పంటి చుట్టూ ఎముక అరిగిపోతుంది.

పేగు దారి ఇప్పటికే చాలామంది విన్నదే. పీచున్న తిండి పేగుల్లోని సూక్ష్మజీవులకు మేత. అవి తయారుచేసే పొట్టి కొవ్వు ఆమ్లాలు లేకపోతే మైక్రోగ్లియా సరిగా ఎదగవని 2015లో జర్మనీ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపారు.

ఇక పళ్లే పోతే? జపాన్ పరిశోధకుడు ఒనోజుకా బృందం 1999 ప్రాంతంలో ముసలి ఎలుకల దవడ పళ్లు తీసేసి నీటితొట్టెలో వదిలింది. నీటి అడుగున కనబడకుండా ఒక చిన్న మెట్టు ఉంటుంది. మామూలు ఎలుక కొన్ని రోజుల్లో దాని చోటు గుర్తుపెట్టుకుంటుంది. పళ్లు పోయిన ముసలివి తిరిగిన చోటే తిరిగాయి. ఆ తర్వాత అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకల్లోనూ పళ్లు తీశాక మైక్రోగ్లియా రెచ్చిపోయినట్టు కనబడింది. అయితే పన్ను పీకడమే ఒక గాయం. ఆ రెచ్చిపోవడం గాయం వల్లా, నమలకపోవడం వల్లా అన్నది విడదీయడం కష్టం. అందుకే ఏ గాయమూ లేని పొడి దాణా ప్రయోగాలకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మనుషుల్లో ఇలా బోనులు పెట్టలేం. 2012లో వెలువడిన ఒక స్వీడన్ అధ్యయనంలో 77 ఏళ్లు, ఆ పైబడిన 557 మందిని పరిశీలించారు. యాపిల్ లాంటి గట్టి పదార్థాలు నమలలేనివారిలో మతిమరుపు, ఆలోచనలో మందగింపు ఎక్కువగా కనిపించాయి. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఆ లెక్క చెప్పదు. మతి తగ్గినవారు పళ్ల సంగతి పట్టించుకోకపోనూవచ్చు. కానీ నమలగలిగినవారిలో పళ్లు సొంతవైనా, కట్టుడువైనా పెద్ద తేడా రాలేదు.

మా నాయనమ్మకు పళ్లు ఊడాక ఆకు, వక్క, సున్నం కలిపి దంచుకునే చిన్న ఇత్తడి రోలు ఉండేది. మధ్యాహ్నమంతా అరుగు మీద టకటకమని అదే చప్పుడు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ బోనులో పొడి దాణా చేసిన పనే ఆ రోలూ చేసేది. తర్వాత కట్టుడు పళ్లు పెట్టించారు. మొదటి వారం విసుక్కుంది, గ్లాసులో పడేసింది. ఒకరోజు ఎవరూ చూడట్లేదనుకుని డబ్బాలోంచి చేగోడీ తీసి కొరికింది. కటుక్కుమన్న చప్పుడుకు మేమందరం తల తిప్పాం. ఇంకోటి తీసుకుంది.